ఎడమ పక్క బ్రేకు

నేను ఒక బ్రేకును. అసలు బ్రేకును కాదు, రెండోదాన్ని. డ్రైవింగ్ స్కూలు కారులో ఎడమ పక్క సీటు ముందు, నేర్పే మాస్టారి కాలికింద ఉండేదాన్ని. కారు పుట్టినప్పుడు నేను లేను. కాకినాడలో ఒక వెల్డరు ఇనపరేకు కోసి, దానికి రబ్బరు తొడిగి, ఒక కడ్డీతో నన్ను అసలు బ్రేకుకు కలిపాడు. నన్ను తొక్కితే అది కిందికి దిగుతుంది. దాన్ని తొక్కితే మాత్రం నేను కదలను. అందుకే నేర్చుకునేవాళ్ల పాదం ఎలా ఉంటుందో నాకు ఎన్నడూ తెలియలేదు. నాకు తెలిసింది దొరబాబు మాస్టారి పాదం ఒక్కటే.

మనిషి భారీగా ఉన్నా ఆయన కాలు చాలా మెత్తన. ఆయనకో పద్ధతి ఉండేది. పక్కవాళ్లు బ్రేకు వేయాల్సిన చోటు రాగానే, వాళ్లకంటే రవ్వంత ముందు నన్ను నొక్కేవాడు. వాళ్ల పాదం కింద బ్రేకు దిగేది. తామే తొక్కామనుకునేవాళ్లు. “చూశారా, మీరే ఆపారండి” అనేవాడు. అప్పుడు వాళ్ల మొహాల్లో వచ్చే వెలుగు కోసమే ఆయన బతుకుతున్నాడని నాకనిపించేది. ముందు ధైర్యం వస్తే పని అదే వస్తుందని ఆయన నమ్మకం. లైసెన్సు పరీక్షకు మాస్టార్ని కూడా పక్కన కూర్చోనిచ్చే రోజుల్లో ఆ నమ్మకానికి లోటు రాలేదు.

తాయారు ఆ రోజులు పోయాక వచ్చింది. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, నలభై దాటిన వయసు, ఒంటరి మనిషి. పక్కింట్లోనే అన్నగారు సూర్యప్రకాశం. రోజూ ఆఫీసుకు ఆయనే దింపుతాడు, ఆయనే తీసుకొస్తాడు. మా దగ్గరికి వచ్చేముందు ఆమె ఇంకో రెండు స్కూళ్లు చూసిందట. ఒకచోట ఫొటో దిగితే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటామన్నారట. రెండోచోట మీవారు రాలేదా అని అడిగారట. ఇక్కడ మాత్రం ఆమే ఒక ప్రశ్న అడిగింది, కారులో రెండో బ్రేకు ఉందా అని. మాస్టారు తలుపు తీసి చూపించాడు. ఆమె వంగి నన్ను చూసింది. నన్ను చూసి ఒక మనిషి ఈ స్కూలును ఎంచుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆధార్ కార్డు, వయసు దాటినందుకు డాక్టరు సర్టిఫికెట్, రోడ్డు గుర్తుల మీద కంప్యూటరు పరీక్ష, అన్నీ ఒక్కతే తిరిగి పూర్తిచేసి, నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, ఎల్లెల్లార్ తెచ్చుకుంది. ఎందుకండీ ఇంత తాపత్రయం అని మాస్టారు ఒకనాడు అడిగాడు. ఆమె స్టీరింగు వదలకుండానే చెప్పింది.

“ఎక్కడికి అని ఎవరికీ చెప్పకుండా ఒక్కసారి బయల్దేరాలనుందండి. వెళ్లే చోటు కూడా ఏం లేదు. చెప్పకుండా వెళ్లాలి, అంతే.”

ఆ మాట నాలో ఉండిపోయింది. ఎక్కడికీ వెళ్లనిదానికి బయల్దేరడమంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? అయినా ఆ రోజు నుంచి, మాస్టారి పాదం నా మీద బరువు మోపినప్పుడల్లా, ఇది ఆమెదైతే ఎలా ఉండేదో అనుకునేదాన్ని.

ఒకరోజు అన్నగారు వెనక సీట్లో కూర్చుని వచ్చాడు. దిగేటప్పుడు మాస్టారి భుజం మీద చెయ్యివేసి, “మీ కాలు మాత్రం బ్రేకు మీంచి తీయకండి మాస్టారూ. మా చెల్లికి కంగారెక్కువ” అన్నాడు. అందులో ప్రేమే ఉంది. అదే తాయారుకు ఊపిరాడనివ్వనిది.

పరీక్ష నాడు ట్రాకు మీదికి కారుతో ఆమె ఒక్కతే వెళ్లాలన్నారు. ఖాళీ సీటు ముందు నేనున్నాను. ఎనిమిది ఆకారం బాగానే తిప్పింది. వెనక్కి పెట్టాల్సిన చోట కారు హద్దుగా నిలబెట్టిన గుంజల వైపు జారుతోంది. ఆమె పాదం బ్రేకు మీదే ఉంది. తొక్కలేదు. అది దానంతటదే దిగుతుందని ఎదురుచూసింది. నేనూ దిగాలనే చూశాను. ఇనుముకు కోరిక ఉంటే సరిపోదు. గుంజ పడిపోయింది. వారం ఆగి రమ్మన్నారు.

తిరుగుదారిలో బండి పక్కకు తీసి ఆపి, ఇంజను ఆర్పేసి అడిగింది.

“ఇన్నాళ్లూ ఆపింది ఎవరండీ?”

“మీరేనండి. నేను కొంచెం సాయం పట్టానంతే.”

“ఎప్పుడెప్పుడు?”

మాస్టారు అద్దంలోంచి రోడ్డు చూస్తూ, “ప్రతిసారీనండి” అన్నాడు.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. కళ్లు తుడుచుకుంది. “మా అన్నయ్యకీ మీకూ ఏవన్నా చుట్టరికం ఉందాండీ?” అంది. ఇంట్లో అన్నగారు ఇక ఈ పిచ్చి చాలు, నేనున్నాగా అంటారని, ఈసారి కూడా పోతే ఆయన మాటే నిజమని తనకీ అనిపిస్తుందని చెప్పింది. చివరికి, “రేపట్నించి మీరు కాళ్లు పైకి పెట్టుక్కూచోండి” అంది.

మర్నాడు అంత మనిషీ ముందు సీట్లో మఠం వేసుకుని కూర్చున్నాడు. రెండు చేతులతో మోకాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. ఉప్పాడ రోడ్డు మీద మేకల మంద అడ్డం వచ్చింది. ఆయన కుడికాలు చటుక్కున కిందికి దిగబోయింది. ఆమె చూడకుండానే, “కాలండీ” అంది. కాలు గాల్లోనే ఆగింది. కారు కీచుమంటూ నిలబడింది. మాస్టారి నుదురు అద్దానికి తగిలింది.

“నెమ్మదండీ బాబూ.”

“మీరు ఆపితే తెలిసేది కాదు. నేనాపితే తెలుస్తోంది కదండీ.”

నా పక్కన కడ్డీ వణికింది. నేను కదలలేదు. అంత దగ్గరగా ఆమె బరువు ఉంది. నాదాకా రాలేదు.

రెండోసారి పరీక్షలో గుంజలు పడలేదు. దిగి వచ్చాక మాస్టారు అలవాటుగా నోరు తెరిచి, “మీరే...” అని ఆగిపోయాడు. పూర్తి చేయాల్సిన అవసరం ఆ రోజు లేకపోయింది.

కొన్నాళ్లకు మాస్టారు కొత్త కారు తీసుకున్నాడు. పాతదాన్ని తాయారే కొనుక్కుంది. ముందుగా షెడ్డుకు తెచ్చి నన్ను ఊడదీయమంది. మెకానిక్ బోల్టులు విప్పుతూ, ఉంటే ఏం పోయిందమ్మా, అన్నయ్యగారు పక్కన కూర్చుంటారుగా అన్నాడు. ఆమె విప్పమని సైగ చేసింది. నన్ను అరిగిపోయిన క్లచ్ ప్లేట్ల కుప్ప మీద పడేశారు. నాకు కోపం రాలేదు. ఆమె కోరుకున్నది జరగాలంటే నేను ఉండకూడదు. ఇది అర్థమైనా బాధ తగ్గదని కూడా అప్పుడే తెలిసింది.

చెల్లెలి వెంట షెడ్డుకు వచ్చిన సూర్యప్రకాశం ఎడమ తలుపు తీయబోతూ అడిగాడు.

“ఎటెళ్దామే?”

“తెలీదన్నయ్యా. నువ్వు ఆటోలో ఇంటికెళ్లు.”

ఆయన తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి ఒక క్షణం నిలబడ్డాడు. తరవాత చెయ్యి తీసేశాడు. కారు షెడ్డు దాటింది. మలుపు దగ్గర బ్రేకు పడిన చప్పుడు వినపడింది. మెత్తగా, పడాల్సినంత. ఎటు తిరిగిందో చూడాలనుకున్నాను. గోడ అడ్డం. ఆయన కూడా రోడ్డు మీద నిలబడి అటే చూస్తున్నాడు.