యాభైకొకటి

రేవులో అందరూ ఆయన్ని యాభైకొకటి అనే పిలిచేవారు. యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె. పడవ మోటార్లకి ఆ లెక్కన కలిపి పోయడంలో చెయ్యి తిరిగిన మనిషి. అలాంటి మోటార్లకి నూనె విడిగా పోసే చోటుండదు. పెట్రోలుతో కలిసి లోపలికి పోయిన నూనే పిస్టన్‌ని తడుపుతుంది. ఎక్కువైతే పొగ. తక్కువైతే మోటారు ప్రాణమే పోతుంది.

కోడలు పనంతా ఆయన దగ్గరే నేర్చుకుంది. పెళ్ళైన కొత్తలో ఆమె వండిన కూర నోట్లో పెట్టుకుని ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "అమ్మాయ్, నీ చెయ్యి గరిటెకి పుట్టింది కాదు" అని నవ్వి, మర్నాడే రేవు పక్కన మోటార్లు బాగుచేసే తన షెడ్డుకి తీసుకుపోయి చేతిలో స్పానరు పెట్టాడు. పదిహేనేళ్ళు గడిచేసరికి పెద్ద పనులన్నీ ఆమే చూసుకుంటోంది. పెట్రోలు కలపడం మాత్రం ఆయన ఎవరికీ వదల్లేదు.

ఆమె భర్త ఆ రేవు నుంచే అవతలి గట్టుకి పడవ నడిపేవాడు. ఒకరోజు పొద్దున్న సరిగ్గా నడి ఏట్లో మోటారు బిగుసుకుపోయింది. పదిమంది ప్రయాణికులతో, రెండు తెడ్లతో, గంటసేపు కొట్టుకుని గట్టుకి చేరాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

కోడలు మోటారు విప్పింది. పిస్టన్ నిండా గోళ్ళతో రక్కినట్టు గీతలు. ఆమె మెల్లగా పెట్రోలు డబ్బా వంచి చూసింది. నూనె కలిస్తే పెట్రోలులో నీలిఛాయ తేలుతుంది. డబ్బాలోది మంచినీళ్ళలా తేటగా ఉంది.

"ఏమైందమ్మాయ్?" వెనకనుంచి మామయ్య గొంతు.

ఆమె డబ్బా మూతిమీద అరచెయ్యి మూసింది. "పాతబడిపోయింది మామయ్యా. ఇరవయ్యేళ్ళ మోటారు కదా."

"పిస్టన్ ఇటివ్వు."

ఇవ్వక తప్పలేదు. ఆయన బొటనవేలు ఒక్కో గీత దగ్గరా ఆగి ఆగి నడిచింది. చాలాసేపటికి పిస్టన్‌ని గుడ్డమీద పెట్టాడు, నిద్రపోయే పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినట్టు.

"అన్నీ నేర్పాను గానీ నీకు అబద్ధమాడ్డం నేర్పలేదే" అన్నాడు. చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు షెడ్డుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, మోకాళ్ళమీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చునేవాడు. ఆ చేతుల్ని ఎవరో తనకి చూసిపెట్టమని ఇచ్చి వెళ్ళినట్టుండేది.

"పోనీలే, ఈ వయసులో ఇంకా ఎంతకాలమని? కాస్త విశ్రాంతి తీసుకోనీ" అన్నాడు భర్త.

"విశ్రాంతి కాదండీ అది. చేతికి పని లేకపోతే ఆ మనిషి ఎండిపోతాడు" అంది ఆమె.

పడవకి కొత్త మోటారు వచ్చింది. దీనికి నూనె తొట్టి వేరే ఉంది. చిన్న పంపొకటి ఎప్పటికి ఎంత కావాలో అంత తీసి తనే అందిస్తుంది. కోడలు మామయ్యని బతిమాలి షెడ్డుకి తీసుకొచ్చి మూత తీసి చూపించింది. ఆయన వేలుపెట్టి ఒక్కో గొట్టాన్నీ తడిమాడు.

"దానంతటదే పోసుకుంటుందా?"

"అవును మామయ్యా. నెమ్మదిగా పోతే తక్కువ, వేగం పెంచితే ఎక్కువ."

"మనిషికన్నా బుద్ధిగలదే." ఆమె వైపు చూడకుండానే అడిగాడు. "మరిచిపోదా?"

"పంపు చెడిపోతే అదీ మరిచిపోతుంది. అందుకే మోటారు తిరిగే మొదటి పది గంటలూ పెట్రోలులో కూడా కలిపి పోయమన్నారు కంపెనీవాళ్ళు."

ఆయన మొహంలో వెలుగు వచ్చింది. "అలాగైతే నేను పోస్తా" అన్నాడు, అప్పటికే కొలత గ్లాసు కోసం చుట్టూ వెతుకుతూ.

పది గంటలు నాలుగు రోజుల్లో అయిపోయాయి. అయినా ఆయన కలుపుతూనే ఉన్నాడు. పడవ వెనక పొగ తోకలా సాగేది. అవతలి గట్టు ఆసుపత్రికి వెళ్ళే నర్సు ముక్కు మూసుకుని, "మీ పడవెక్కి వెళ్తే నా చీర పొగవాసనకే పేషెంట్లు దగ్గుతున్నారు" అని రోజూ దెప్పేది.

"ఇక చాలని నాన్నకి చెప్పు" అన్నాడు భర్త. "నూనె రెండింతలవుతోంది. ప్లగ్గులు మసిబారిపోతున్నాయి."

"ప్లగ్గులు నేను తుడుస్తాను."

"ఎన్నాళ్ళని తుడుస్తావ్?"

"ఆయన కలిపితే కాస్త పొగ. మరిచిపోతే లోపల పంపు ఉంది. ఆయన మరుపుకి మనం భయపడక్కర్లేని మోటారు దొరికిందండీ. అది చాలదూ?"

మర్నాడు నర్సుకి భర్తే సర్దిచెప్పుకున్నాడు.

అప్పట్నుంచి ప్రతి సోమవారం మామయ్య లేవకముందే ఆమె రేవుకి వెళ్ళి, ప్లగ్గులు విప్పి, మసి గీకి, మళ్ళీ బిగించి వచ్చేది. అలా రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం వెళ్ళేసరికి ప్లగ్గులు తళతళలాడుతూ గుడ్డమీద వరసగా ఉన్నాయి. పక్కనే పీటమీద మామయ్య.

"ఎవరికీ తెలీదనుకుంటూ పాలు తాగే పిల్లిని నేనొక్కణ్ణే అనుకున్నా" అన్నాడాయన. "నువ్వూ ఉన్నావన్నమాట."

ఆమె ఒక ప్లగ్గు తీసి వెలుతురులో తిప్పి చూసింది.

"నేను పోసేది అక్కర్లేదని నాకు తెలుసమ్మాయ్. కానీ పొద్దున్నే ఆ పొగ చూస్తే, ఇవాళ గుర్తుంది అనుకుంటాను. అంతే." బ్రష్ కింద పెట్టాడు. "ఒక్క మాటివ్వు. పొగ రాని రోజున నాకు చెప్పు. దాచకు."

ఇచ్చింది.

ఆ రోజు వానాకాలం మధ్యలో వచ్చింది. మొదటి ట్రిప్పుకి పడవ గట్టు వదిలింది. నీళ్ళమీద వాన చినుకులే గానీ పొగ లేదు. ఆమె తడుస్తూ షెడ్డులోకి పరిగెత్తింది. మామయ్య పొడిగా ఉన్న గ్లాసుని ఒళ్ళో పెట్టుకుని, నిశ్చింతగా వాన చూస్తున్నాడు. ఆ మొహం చూస్తే వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. కానీ ఇచ్చిన మాట ఉంది.

పక్కన నేలమీద కూర్చుంది. "మామయ్యా, ఇవాళ పొగ రాలేదు."

ఆయన గ్లాసు వంక చూశాడు. లోపల వేలు పెట్టి చూసుకున్నాడు. "పడవ?"

"బంగారంలా పోతోంది. ఏమీ కాలేదు."

ఆయన గ్లాసుని నేలమీద బోర్లించాడు. "అయితే ఇంక నేను ఇంటికేనా?"

"ఇంటికెందుకు? రెండో ట్రిప్పుకి డబ్బా ఎవరు నింపుతారు?" ఇరవై లీటర్ల ఖాళీ డబ్బాని ఆయన మోకాళ్ళ మధ్యకి జరిపి, నూనె సీసా మూత తీసింది. "గ్లాసు మీరు పట్టుకోండి. నేను పోస్తా."

ఆయన గ్లాసు పట్టుకున్నాడు. ఆమె తన చేతిని కింద ఆనించింది. నీలం నూనె దారంలా దిగుతుంటే ఆమె చూపు ఆయన మొహంమీదే ఉంది.

"నా మొహంలో ఏముందే?" అన్నాడు మామయ్య. "గీత చూడు, గీత. నాలుగొందలకి ఆపు."