ఊరకుండమన్న కార్డు

శ్రీలక్ష్మిని నేను కొట్టలేదు. కొట్టాలని మాత్రం శానా అనిపించింది.

మేమిద్దరం కడప జిల్లావాళ్ళమే. గల్ఫ్‌లో, బౌషర్ అనే ఊళ్ళో ఒకే ఇంట్లో పని. వంట నాది, పిల్లోడి పని దానిది. పిల్లోడంటే మేడం కొడుకు, నడక బాగా వచ్చినోడు, చేతికి దొరకడు. 2009 కొత్త సంవత్సరానికి ముందు, తెరిచున్న గేట్లోంచి వాడు రోడ్డు మీదికి పోయినాడు. కారాయన బ్రేకేసినాడు గాబట్టి చెయ్యి ఇరగడంతో పోయింది. గేటు చూసుకునేది తోటపని చేసే బంగ్లాదేశ్ అబ్దుల్. మేడం అతన్నే పట్టుకునింది. వచ్చే శనివారం వీసా క్యాన్సిల్, ఇంటికి పో అనేసింది. అబ్దుల్ ఎదురు చెప్పలేదు. నా తలరాత అన్నట్టు "నసీబ్, దీదీ" అని నాతో అని, చెట్లకు నీళ్ళు పెట్టుకుంటా ఉండిపోయినాడు.

గేటు తెరిచిపెట్టింది మా శ్రీలక్ష్మి. చెత్త పారేసొచ్చి, ఫోన్లో మాట్లాడుకుంటా గడియ వెయ్యడం మర్చిపోయింది. నాకొక్కదానికే చెప్పుకోని ఏడ్సింది.

"పోయి మేడంతో చెప్పు" అన్నా.

"శుక్రవారం ప్రార్థన కానీ అక్కా, దేవుడేం చెప్తాడో చూస్తా" అనింది.

ఈడ సెలవు శుక్రవారమే గదా, మా తెలుగు క్రైస్తవుల కూడిక కూడా ఆ రోజే. కొత్త సంవత్సరంలో వాగ్దాన కార్డులు తీసేది ఉంటాది. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక కార్డు తీస్తే, దాని మీదుండే వాక్యం ఆ ఏడంతా మనదే అనుకుంటాం. ఆ పొద్దు పాస్టరు అయ్యగారు చెప్పింది నాకు బాగా పట్టింది. యేసును నమ్మిన మొదటి కాలమోళ్ళ చుట్టూ అందరూ తలరాత, గ్రహాలు అనేవాళ్ళంట. వీళ్ళు ఒప్పుకోలేదంట. అంతా ముందే రాసుంటే మంచి చేసినోణ్ణి మెచ్చుకునేదెందుకు, చెడు చేసినోణ్ణి తప్పుపట్టేదెందుకు అని అడిగినారంట. ఎంచుకునే శక్తి దేవుడే ఇచ్చినాడు, అందుకే మనం జవాబు చెప్పాల అన్నారంట. నేను శ్రీలక్ష్మి దిక్కు చూస్తే, అది డబ్బా దిక్కు చూస్తాంది.

చెయ్యి పెట్టి తీసింది. ఊరకుండమనే వాక్యం వచ్చింది. దాని మొహం వెలిగిపోయింది.

"చూడక్కా, దేవుడే నోరు మూసుకోమన్నాడు" అని టాక్సీలో నా చెవిలో అనింది.

నాకు ఒళ్ళు మండింది. "ఒసేయ్, ఆ కార్డులు కత్తెరతో కోసి డబ్బాలో వేసింది నేనే. నీ చెయ్యి ఇంకాస్త కిందికి పోయింటే ఇంకోటి వచ్చేది. అప్పుడేం చేసేదానివి? గడియ మరిచింది నువ్వు. దేవుని మీదికి తోస్తావా?"

గేటు కాడ దిగి, "నా పని పోతాదక్కా" అనింది.

"పోవచ్చు" అన్నా. ఉత్త ధైర్యం చెప్పడం నా వల్ల కాదు. "తోడొస్తా. మాట మాత్రం నువ్వే చెప్పాల."

మేడం హాల్లో పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకోని ఉండాది. శ్రీలక్ష్మి తనకొచ్చిన హిందీ, అరబీ కలిపి అంతా చెప్పేసింది. మేడం పిల్లోడి చేతి కట్టు నిమురుతా కూర్చునింది.

"నువ్వు చెప్పకపోయింటే నాకు తెలిసేదే కాదు" అనింది ఆఖరుకు. "అబ్దుల్ ఉంటాడు. నువ్వూ ఉండు. ఖలాస్, మక్తూబ్." రాసిపెట్టుంది, జరిగింది, వదిలెయ్ అని అర్థం. పాపం, మంచి మనసుతోనే అనింది.

బతికిపోయినాం అనుకోని దాని చున్నీ పట్టి గుంజినా, పద అని. అది కదల్లేదు.

"లేదు మేడం" అనింది. "రాసింది కాదు. గడియ వెయ్యంది నేనే. అబ్దుల్‌తో కూడా నేనే చెప్పుకోవాల."

ఆ మాట నేను నేర్పలేదు. ఏ కార్డులోనూ లేదు. చెప్పేసి తోటలోకి పోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. దాన్ని కొట్టాలనుకున్న ఈ చేత్తోనే టీ పెట్టి, ముగ్గురికీ తోటలోకి తీసుకపోయినా.