తూర్పుకు తిరిగిన చిలకలు

కార్తీక పున్నమికి రెండు రోజుల ముందే తులసమ్మ చెక్క అచ్చులను కుండనీళ్లలో నానేసేది. నానని అచ్చుకు పాకం పట్టుకుపోతుంది, బొమ్మ విరిగితే గానీ ఊడిరాదు. చిలకవి నాలుగు, ఏనుగుది ఒకటి, గుర్రానిది ఒకటి, అన్నీ టేకువే. గోదావరి పక్క ఊరి నుంచి కాపురం ఎత్తుకొచ్చినప్పుడు ఇత్తడి సామాను చాలా వరకు అమ్మేశారు గానీ, అమ్మ ఇచ్చిన ఈ అచ్చులను మాత్రం పాత చీరలో మూటగట్టి ఒళ్లో పెట్టుకుని రైలెక్కిందామె.

రాయచూరు వైపు, మస్కికి అయిదు మైళ్ల దూరంలో, పిల్లకాలువ చిట్టచివర ఉంది వాళ్ల క్యాంపు. ఇరవై గడపలు, అందరూ కోస్తా రైతులే. పక్కనే పాత ఊరు. ఆ ఊళ్లో పున్నమినాడు ఆడపిల్లలు పళ్లెంలో చక్కెర బొమ్మలు పేర్చుకుని గౌరమ్మకు ఆరతి పట్టుకెళ్తారు. తులసమ్మ పుట్టింటి వైపు ఇవే చిలకలు సీమంతానికీ సారెకూ పోస్తారు. "ఎవరి పండక్కైతేనేం, పాకం పాకమేగా" అని వచ్చిన మొదటి ఏడే ఆమె ఊరి పిల్లలకు పోసిపెట్టింది. అప్పటినుంచి పున్నమి వస్తోందంటే ఇంటికో సేరు చక్కెర ఆమె అరుగు మీదికి చేరేది.

చక్కెర మునిగేటన్ని నీళ్లు పోసి, మరుగుతుండగా రెండు చెంచాల పాలు వేస్తే మడ్డి పైకి తేలుతుంది. దాన్ని తీసేసి గుడ్డలో వడగట్టి మళ్లీ పొయ్యెక్కించాలి. ముదురుపాకం వచ్చాక దించి, గరిటెతో గిన్నె అంచుకేసి రుద్దుతూ పోతే తెల్లగా, మబ్బుపట్టినట్టు అవుతుంది. దారంతో బిగించి కట్టిన అచ్చులో అప్పుడు గబగబా పోసెయ్యాలి. తమలపాకు నమిలేంత సేపు ఆగి దారం విప్పితే, చిలక ఈకలతో సహా బయటికొస్తుంది.

ఆరిన బొమ్మలను చేటలో నిలబెడితే సాయంత్రానికి అవన్నీ నెమ్మదిగా నీళ్లున్న దిక్కుకు తిరిగేవి. బిందెలో నీళ్లకు కాదు, ఆ ఏడు పొలాలకు పారబోయే నీళ్లకు. మొదటి ఏడు క్యాంపు పెద్ద యలమందయ్య చుట్ట కాల్చుకుంటూ వచ్చి చేటలోకి చూసి, "దక్షిణానికి చూస్తున్నాయమ్మా. అంటే దాళ్వా వరికి నీళ్లు పై క్యాంపుల దగ్గరే ఆగిపోతాయి" అన్నాడు. అలాగే ఆగిపోయాయి. తర్వాత నుంచి పున్నమి ముందురోజు సాయంత్రం మగవాళ్లు వచ్చి చేట చూసుకుని, తక్కువ నీళ్లతో పండే జొన్నకు విత్తనాలు సిద్ధం చేసుకోవడానికి వెళ్లిపోయేవాళ్లు. ఇంటికి తూర్పున ఉన్న తమ పిల్లకాలువ వైపు ఆ బొమ్మలు ఆరేళ్లలో ఒక్కసారి కూడా తిరగలేదు.

వాటి మాట విననివాడు తులసమ్మ మొగుడు శ్రీరాములొక్కడే. ప్రతి ఏడూ వరినారు పోసేవాడు. నారు అరిచెయ్యంత ఎదిగి ఎర్రబడి ఎండిపోయేది. పశువులు కూడా దాన్ని ముట్టేవి కావు.

"పోదామండీ," అనేది తులసమ్మ. "మీ అన్నయ్య గారి దగ్గర ఏదో ఒక పని చేసుకుందాం."

"పిల్లనొదిలేసి ఎట్టా పోతాం?" అనేవాడు శ్రీరాములు.

వాళ్ల కూతురు కాత్యాయని ఆ పొలం గట్టునే ఉంది. వచ్చిన రెండో ఏడు శ్రావణంలో జ్వరం తగిలింది. మస్కిలో డాక్టరు దగ్గరికి బండి కట్టారు. సగం దారిలో నల్లరేగడి చక్రాలను ఇరుసు దాకా మింగేసింది. శ్రీరాములు దిగి చక్రాన్ని భుజంతో ఎత్తుతుండగానే బండిలో పిల్ల ఒళ్లు చల్లబడిపోయింది. అయిదేళ్ల పిల్ల. తెచ్చి గట్టు మీద తుమ్మచెట్టు పక్కన పూడ్చారు. శ్రీరాములు రోజూ కాసేపు అక్కడ కూర్చుంటే తప్ప ఇంటికొచ్చేవాడు కాదు. పొలానికి అన్నం పట్టుకెళ్లే తులసమ్మ ఆ మూలను చూడకుండా ఉండాలని అర మైలు చుట్టు తిరిగి వెళ్లేది. ఒకే దుఃఖం ఒకణ్ణి కట్టేసింది, ఒకదాన్ని తరిమింది. ఆ సంగతి మాత్రం ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఏడో ఏడు పున్నమికి ముందు, అన్నం తింటూ శ్రీరాములు ఉన్నట్టుండి అన్నాడు. "ఈసారి చిలకలు ఎటు చూస్తే అటే. ఇటు తిరగలేదనుకో, సామాను కట్టేద్దాం. నాకూ ఓపిక అయిపోయింది తులసీ."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఏళ్లుగా ఎదురుచూసిన మాట. మజ్జిగ పొయ్యడం కూడా మర్చిపోయింది.

పున్నమి ముందురోజు పొద్దున హులిగెమ్మ చక్కెర మూటలు మోసుకొచ్చింది. పాత ఊరి మనిషి. శ్రీరాములు కొన్న పొలం ఒకప్పుడు ఆమె మామదే. ఇప్పుడు ఆమె, మొగుడు యంకప్ప అదే పొలంలో కూలికొస్తారు.

"అక్కా, నా బిడ్డకు ఆనె బొమ్మనే గావాలంట. చిలక ఇస్తే ఆరతికి రానని కూసుంది," అంది.

"ఏనుగే పోస్తాలే. పెద్దది. తొండం విరక్కుండా తీస్తాను చూడు."

హులిగెమ్మ పొయ్యి ఊది, మడ్డి తీసి, కాసేపు అచ్చులకు దారాలు బిగించి పొలంలో కలుపు తియ్యడానికి వెళ్లిపోయింది. శ్రీరాములు మస్కి సంతకు పోయాడు. పాకం ఆ రోజు ఎన్నడూ లేనంత బాగా కుదిరింది. చిలకల ముక్కులకు ఎర్రటి మిఠాయి రంగు అద్దుతుంటే తులసమ్మ తనకు తెలియకుండానే కూనిరాగం తీసింది. ఎప్పటిలాగే దక్షిణానికి చూస్తాయి, ఎల్లుండికి సామాను కట్టుకోవడమే అనుకుంది. నలభై బొమ్మలను చేటల్లో నిలబెట్టి పెరట్లో అంట్లు తోముకోవడానికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి నలభై బొమ్మలూ తూర్పుకు చూస్తున్నాయి.

ఆమె తలుపు దగ్గరగా వేసింది. ఒక్కొక్క చిలకనూ పట్టుకుని దక్షిణానికి తిప్పింది. ఆఖరిదాన్ని తిప్పేసరికి మొదటిది సగం వెనక్కి వచ్చేసింది. మళ్లీ తిప్పింది. మళ్లీ వచ్చాయి. వాటిలో కోపమూ లేదు, పట్టుదలా లేదు. కుడితి తొట్టి వైపు తల తిప్పే గేదెల్లా, వాటి పని అవి చేసుకుంటున్నాయి.

తులసమ్మ చేటల ముందు కూలబడింది. నీళ్లొస్తాయి. నీళ్లొస్తే ఆయన ఇక్కడే ఉంటాడు. ఈ ఏడూ, పై ఏడూ, చచ్చేదాకా. పండిన వడ్లు ఆ గట్టు మీదనుంచే ఇంటికొస్తాయి. అర మైలు చుట్టు తిరిగే ఆ దారిలో తను ముసలిదైపోతుంది.

లేచింది. పొయ్యిలో ఆరిపోతున్న నిప్పును ఎగదోసి, గిన్నెలో చెంబెడు నీళ్లు పోసి, బొమ్మలను నాలుగేసి చొప్పున అందులో వేసింది. ముందు ముక్కులు కరిగాయి. ఏనుగును ఆఖరికి వేసింది. అది చాలాసేపు తూర్పుకే చూస్తూ నిలబడి, ఒక పక్కకు ఒరిగింది. పాకం ఎర్రబడి, మాడు వాసన వచ్చేదాకా ఆమె గిన్నె దించలేదు. తర్వాత పళ్లెంలో కుమ్మరించింది. రంగూ రూపూ లేని ముద్ద.

సాయంత్రం యలమందయ్య వచ్చి చూశాడు. "ఏంటమ్మా ఇది?"

"పాకం ముదిరిపోయింది బాబాయ్. బొమ్మకు రాలేదు."

"అయ్యో. నీ చేతిలోనా?" అన్నాడాయన. వెంట వచ్చిన మగవాళ్లు ఎందుకైనా మంచిదని జొన్నకే వెళ్లిపోయారు.

శ్రీరాములు సంతనుంచి వచ్చి పళ్లెం ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎటూ చూడలేదన్నమాట," అన్నాడు చివరికి. "సరే, వెళ్దాం."

మర్నాడు ఆరతిలో ఆడపిల్లలందరి పళ్లాల్లో మాడిన చక్కెర ముక్కలే ఉన్నాయి. హులిగెమ్మ కూతురు ఏడుస్తూ నడిచింది.

పొలం యంకప్పకు కౌలుకిచ్చారు. వాళ్ల పొలం వాళ్ల చేతికే వచ్చింది అన్నారు ఊళ్లో. వెళ్లేరోజు తెల్లవారుతుండగా శ్రీరాములు ఒక్కడే గట్టుకు వెళ్లి, బాగా పొద్దెక్కాక వచ్చాడు. ఆయన పంచెకు మోకాళ్ల దగ్గర మట్టి ఉంది. తులసమ్మ దాన్ని దులపబోయి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

మస్కిలో రాయచూరు బస్సు దాకా హులిగెమ్మ సాగనంపడానికి వచ్చింది. శ్రీరాములు సామాను బస్సు పైకెక్కిస్తుంటే తులసమ్మ అచ్చుల మూట ఆమె చేతిలో పెట్టింది.

"గివి నాకెందుకక్కా? మీ అమ్మయి గదా."

"ఉంచుకో. హులిగెమ్మా, ఒక మాట. ఈ ఏడు జొన్న వెయ్యొద్దు. వరినారు పొయ్యండి."

హులిగెమ్మ ఆమె మొహంలోకి చూసింది. బస్సు ఇంజను మొదలైంది.

"ఎటు జూసినయక్కా?"

తులసమ్మ చూపు తూర్పుకు పోయింది.

హులిగెమ్మకు అర్థమైంది. మూటను గుండెకు అదుముకుని, గొంతు తగ్గించి అడిగింది. "మీ ఆయనకు ఎరికేనా?"

"లేదు."

"మరి ఎన్నడూ చెప్పకు. సచ్చినా చెప్పకు." మూట చంకలోకి మార్చుకుంటూ అంది, "ఆ తుమ్మచెట్టు మూల మేం దున్నం. నాగలి పెట్టనియ్య."

తులసమ్మ బస్సెక్కి కూర్చుంది. మస్కి దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

గోదావరి పక్క ఊళ్లో బావగారి ఇంటి పంచలో వాళ్లకు చోటు దొరికింది. శ్రీరాములు అన్న పొలంలోనే కూలికి వెళ్లేవాడు. అన్న మంచివాడే గానీ పదిమంది ముందు, "వీడు రాయచూరు జమీందారు" అని నవ్వేవాడు. శ్రీరాములు కూడా నవ్వేవాడు. రాత్రికి మాట తగ్గిపోయేది. తులసమ్మకు గట్టు కనబడటం పోయింది. దాని బదులు రోజంతా ఆ మనిషి వీపు కనబడేది. కంచం ముందు కూర్చున్నా, బీడీ కాల్చుకుంటున్నా, ఆయన మొహం మాత్రం ఆ పొలం ఉన్న పడమటికే తిరిగి ఉండేది.

ఆ పుష్యంలో పిల్లకాలువ చివరిదాకా నీళ్లు పారాయి. క్యాంపు మొత్తానికి నారు పోసింది యంకప్ప ఒక్కడే. మిగతావాళ్లు జొన్న చేల గట్ల మీద నిలబడి నీళ్లను చూశారు.

ఈ కబురు యలమందయ్య జ్యేష్ఠంలో చుట్టాల పెళ్లికి వచ్చినప్పుడు తెచ్చాడు. హులిగెమ్మ పంపిందని ఒక బియ్యం సంచి కూడా తెచ్చాడు. "యంకప్ప పొలం కొనేసుకుంటాడట, నీతో మాట్లాడమన్నాడు," అన్నాడు శ్రీరాములుతో. "నీ అచ్చులతో హులిగెమ్మ ఉగాదికి బొమ్మలు పోసిందమ్మా. ఎట్టా నిలబెడితే అట్టానే ఉన్నాయి, ఎటూ తిరగలేదు." అది తనకు ముందే తెలిసినట్టు తులసమ్మ తలూపింది.

ఆ మధ్యాహ్నం ఆ బియ్యమే వండింది. శ్రీరాములు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"మన పొలానివేగా?"

"అవును."

"మెత్తగా ఉన్నాయి. తీపి కూడా ఉంది." ఇంకో ముద్ద కలుపుకుంటూ అన్నాడు, "ఆ రోజు పాకం ఒక్కటి కుదిరుంటే..." ఆమె మొహం చూసి సర్దుకున్నాడు. "నీ తప్పేముందిలే. ఎంత చెయ్యి తిరిగినా ఒక్కోసారి ముదిరిపోతుంది. నువ్వు దాన్ని మనసులో పెట్టుకుని చిక్కిపోతున్నావు. ఇలా వచ్చి కూర్చో, అన్నం వేడిగా ఉంది."

తులసమ్మ ఆయన పక్కన కూర్చుంది. ఆయనే ఆమె కంచంలో వడ్డించాడు, ఎన్నడూ లేనిది. ఆమె తల వంచుకుని మెతుకు మిగల్చకుండా తింది.