అదరని జల్లెడ

సువర్ణరేఖ నది ఇసుకలో బంగారు రేణువులు ఏరాలని రిటైరైన ఫిట్టరు అసిరయ్య ఒక పెద్ద జల్లెడ అడుగున పాత కూలర్ మోటారు బిగించాడు. స్విచ్ వేస్తే మోటారు మెత్తగా తిరిగింది గానీ, జల్లెడలో ఇసుక రేణువైనా కదల్లేదు.

"ఇది నిద్దరోయి తొంగుందేటి?" అంది భార్య నూకమ్మ.

అప్పుడు వెలిగింది అతనికి. ఫ్యాక్టరీలో బతుకంతా మెషిన్ల అదురు మాన్పించిన చెయ్యి, అలవాటుకొద్దీ దీన్ని కూడా అదరకుండా బిగించేసింది.

"రుకో, దీన్ని ఆడించకపోతే నాను ఫిట్టర్నే కాదు!" అని, పళ్లు బిగబట్టి మోటారు ఇరుసుకు తూకం తప్పి అదిరేలా ఒక పక్కనే బరువైన నట్టు వెల్డింగ్ చేశాడు.

ఈసారి జల్లెడతో పాటు వరండా గడగడలాడింది. ఇసుక జలజలా రాలింది. ఆ అదురు ఓర్చుకోలేక అసిరయ్య చెయ్యి తనంతట తానే స్పానరు అందుకుంది. తిట్టుకుంటూ దాన్ని నూకమ్మ చేతిలో పెట్టాడు.

"దాసెయ్యే. నానడిగినా ఇవ్వకు!"