ఇరవయ్యో హాజరు

ఉదయం ఏడింటికల్లా కూతురు చైత్రకి జడ వేయడం, డబ్బాలో పులిహోర సర్దడం, స్కూలు బెల్టు కోసం ఇల్లంతా వెతకడం, చివరికి అది సోఫా కింద దొరకడం, ఇవన్నీ శ్రీజకి ఏ ఇంట్లో ఉన్నా తప్పనివే. ఈ ఇంటికి మారి పన్నెండు రోజులైంది. దేవనహళ్ళి దారిలో పదకొండో అంతస్తు. బాల్కనీలో నిలబడితే విమానాలు పొట్ట చూపిస్తూ దిగుతుంటాయి. కుందలహళ్ళిలో వాళ్ళు అద్దెకున్న మేడమీది వాటాలో ఇంత వెలుతురు ఉండేది కాదు. ఈ వెలుతురు వల్లే, చైత్రకి నీడ లేదన్న సంగతి వచ్చిన మర్నాడే బయటపడింది.

జడ వేస్తున్నంతసేపూ గోడమీద శ్రీజ నీడ ఒక్కటే చేతులు ఆడిస్తూ కనిపిస్తుంది. ఆ చేతుల మధ్య జడ ఉండదు, పిల్ల ఉండదు. ఆరోజే శ్రీజ భర్త మల్లికార్జున్ సామాను సర్దినవాళ్ళకి ఫోన్ చేశాడు. వాళ్ళు జాబితా చూసుకుని, అట్టపెట్టెలు నలభై మూడు, ఫ్రిజ్ ఒకటి, మంచాలు రెండు, నీడ మాత్రం ఎక్కించుకున్నట్టు లేదు సార్ అన్నారు. కొత్త స్కూల్లో ఆఫీసు అమ్మాయి కూడా కంగారు పడలేదు. కొంతమంది పిల్లలది వెనకాల వస్తుంది మేడమ్, అలవాటైపోతుంది, టీసీ మాత్రం శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో వాళ్ళకి వెళ్ళిపోతుంది అంది.

మంగళవారం పాత బడి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది హెడ్‌మిస్ట్రెస్ సుంకమ్మ. హొసకోటె నుంచి రోజూ బస్సులో వచ్చి, హెడ్‌మిస్ట్రెస్ పనీ మూడో తరగతి పాఠాలూ రెండూ తనే చూసుకునే మనిషి.

"పాప నీడ ఇక్కడే ఉండాదమ్మా. దినామూ తొమ్మిదిన్నరకి వచ్చి మూడో బెంచీలో కూర్చుంటా ఉండాది. పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. చెయ్యెత్తినాక హాజరు వెయ్యకుండా ఎట్లుండేది?"

శ్రీజ టీసీ సంగతి అడిగింది. అదే చెప్పేదానికి చేసినా అంది సుంకమ్మ. టీసీలో చివరి హాజరు తేదీ రాయాలట. రోజూ హాజరవుతున్న పిల్లకి చివరి తేదీ ఎక్కడినుంచి తెచ్చేదని ఆవిడ బాధ. ఆవిడ అబద్ధపు తేదీ రాసే రకం కాదు.

మల్లికార్జున్ ఇది విని లాప్‌టాప్ నుంచి తల ఎత్తకుండానే, స్కాన్ చేసి మెయిల్ పెట్టమనకపోయావా అన్నాడు. సంగతి అర్థమయ్యాక తల ఎత్తాడు. ఇన్నాళ్ళు కాచుకుని తెచ్చుకున్న సీటు ఇలా పోతే ఎలా, నువ్వే వెళ్ళి మాట్లాడు, నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది అన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ అతనికి రిలీజ్ ఉంటూనే ఉంది. శ్రీజ గురువారానికి సెలవు పెట్టింది.

అసలు చైత్రని ఆ బడిలో వేసింది రెండు నెలల కోసం. మల్లికార్జున్ ఉద్యోగం మారి వాళ్ళు ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చేసరికి పెద్ద స్కూళ్ళలో సీట్లన్నీ అయిపోయాయి. ఇంటి సందు చివర ఏదో ట్రస్టు నడిపే చిన్న బడి ఉంది. మంగళూరు పెంకుల కప్పు, నాలుగు గదులు, ముందు ఒక బాదం చెట్టు. రెండు నెలలు కాస్తా రెండేళ్ళయ్యాయి. ఆ రెండేళ్ళూ మధ్యాహ్నం మూడున్నరకి చైత్రని బడి నుంచి ఇంటికి తెచ్చింది శ్రీజ కాదు, ఎదురింటి జరీనా. జరీనా వాళ్ళది కదిరి. భర్త ఫయాజ్ టెక్ పార్కులో ఏసీలు బాగుచేస్తాడు. వాళ్ళ ఫాతిమా, చైత్ర ఒకే బెంచీ. శ్రీజ మీటింగులు ఆరింటికి ముగిస్తే ఆరింటికి, ఏడింటికి ముగిస్తే ఏడింటికి, చైత్ర జరీనా ఇంట్లో అన్నం తిని, హోమ్‌వర్క్ చేసుకుని, ఒళ్ళు కడిగించుకుని మరీ ఉండేది. ఒక్కరోజు కూడా జరీనా ఇవాళ వీలుకాదక్కా అనలేదు.

కిందటి వేసవిలో శ్రీజ అత్తగారు వచ్చినప్పుడు, అందరూ భోజనాల దగ్గర ఉండగా, చైత్ర తలమీద చున్నీ కప్పుకుని, దుప్పటి పరుచుకుని, వంగి లేచి నమాజు ఆట ఆడింది. అత్తగారు కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి చెయ్యి కడుక్కున్నారు. మర్నాడు మల్లికార్జున్ స్కూళ్ళకి ఒక ఎక్సెల్ షీటు తెరిచాడు. దూరం, టీచర్ల సంఖ్య, రిజల్ట్స్, స్విమ్మింగ్ పూల్, ఆట స్థలం, ఒక్కొక్కదానికి ఒక గడి. చివరి గడి పేరు క్రౌడ్, అంటే అక్కడ ఎలాంటివాళ్ళ పిల్లలు చదువుతారన్నది. అందులో పెద్ద స్కూళ్ళకి గుడ్, వెరీ గుడ్ అని రాసి, సందు చివరి బడికి మాత్రం ఏమీ రాయకుండా వదిలేశాడు. శ్రీజ ఆ ఖాళీని చూసింది. ఎందుకు వదిలావని అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు, అదే ఆవిడకి తర్వాత ముల్లులా గుచ్చుకున్నది.

ఇల్లు మారుతున్నామని జరీనాకి చెప్పాల్సి వచ్చినప్పుడు, ఓనర్ ఖాళీ చేయమన్నారని చెప్పింది. టీసీ అర్జీలో కారణం అన్నచోట కూడా అదే రాసింది. ఓనర్ చిక్కమునియప్ప నోరులేని మనిషి, ఆయన మీద ఏం నెట్టినా బయటికి రాదనుకుంది.

గురువారం తల్లీకూతుళ్ళు బూదిగెరె మీదుగా గంటన్నర కారులో వచ్చారు. చైత్ర కొత్త స్కూలు టై కట్టుకుని వెనక కూర్చుంది. కుందలహళ్ళి సిగ్నల్ దగ్గర, అమ్మా, నా నీడని కోప్పడకు అంది. శ్రీజ సరే అంది.

బడిలో గురువారాలు తల్లులవి. వంతుల వారీగా ఒక్కో తల్లి వచ్చి క్లాసులో కూర్చుని పిల్లల చేత పాఠం చదివించుకోవడం అక్కడి ఆనవాయితీ. రెండేళ్ళలో శ్రీజ వంతు ఏడుసార్లు వచ్చింది. ఏడుసార్లూ మీటింగే. ఆ వంతులకి కూడా జరీనాయే వచ్చి కూర్చుంది. ఈ గురువారం జరీనా సొంత వంతు. శ్రీజ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి జరీనా చిన్న స్టూలు మీద ఒదిగి కూర్చుని వింటోంది. ఫాతిమా తన పేజీ చదివేసి, పక్కనున్న నీడ వంతు కూడా తనే చదువుతోంది. మూడో బెంచీలో గోడ పక్కన చైత్ర నీడ రెండు జడలతో బుద్ధిగా కూర్చుని ఉంది. ఎవరూ దానికేసి ప్రత్యేకంగా చూడటం లేదు.

జరీనా లేచి, రాండక్కా, బాగుండారా అంది. ఎప్పుడూ అనేటట్టే అంది. చైత్రని దగ్గరికి తీసుకుని, టై వదులుచేసి, మళ్ళీ సరిగ్గా కట్టింది.

సుంకమ్మ వాళ్ళని వరండాలోకి తీసుకొచ్చింది. చేతిలో హాజరుపట్టీ ఉంది. శ్రీజ గొంతు తగ్గించి, నీడని తీసుకెళ్ళడానికి వచ్చామని, రేపు సాయంత్రంలోగా టీసీ లేకపోతే పాప ఏడాది పోతుందని చెప్పింది. సుంకమ్మ తల ఊపింది. పొమ్మంటే పోదమ్మా, నేనూ చెప్పి చూసినా అంది. ఆవిడ సర్వీసులో ఇలాంటివి ఇదివరకు మూడు చూసిందట. మూడింట్లోనూ అర్జీలో రాసిన కారణం ఒకటి, అసలు కారణం ఒకటి.

"నిజం చెప్పేదాకా లేవదమ్మా అది. పిల్లలు సరేనంటారు, నీడలు అనవు."

అసలైన చిక్కు ఇంకొకటి ఉందని ఆవిడ మాటల్లోనే బయటపడింది. మూడో తరగతిలో ఇప్పుడు చైత్రతో కలిపి ఇరవై మంది ఉన్నారు. ఇరవై కన్నా తగ్గితే సెక్షన్ ఎత్తేసి, పిల్లల్ని పెద్ద రోడ్డుకి అవతలున్న ఇంకో బడికి పంపడం ట్రస్టు వాళ్ళ నియమం. సోమవారం లెక్కకి వస్తున్నారు. ఆ రోడ్డు చిన్నపిల్లలు దాటేది కాదు. ఫాతిమాని చదువు మాన్పించి కదిరిలో నానమ్మ దగ్గరికి పంపేస్తానని ఫయాజ్ అప్పుడే అనేశాడట. ఇవన్నీ ఎందుకు చెప్తున్నారు అన్నట్టు శ్రీజ చూసింది.

"నిన్ను ఉండమని చెప్పలేదమ్మా నేను. నీ బిడ్డ, నీ ఇష్టం. అడిగితివి, ఉండేది చెప్తిని." సుంకమ్మ పట్టీ మూసింది.

శ్రీజ చైత్రని చూసింది. బాదం చెట్టు నీడ, స్తంభం నీడ, తన నీడ, అన్నీ వరండా నేలమీద ఉన్నాయి. పిల్ల కాళ్ళ దగ్గర మాత్రం ఏమీ లేదు. ఈ సీటు వదులుకుందామా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజమే. వచ్చినంత తొందరగానే పోయింది. ఆ పోవడం తనకి తెలిసింది. తనేమంత మంచిది కాదని ఆ క్షణంలో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

క్లాసు గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. పిల్లలందరూ చూస్తున్నారు. జరీనా స్టూలు మీదినుంచి లేవబోయింది.

"ఓనర్ ఖాళీ చేయమనలేదు జరీనా. మా పాప మీ పాపలా తయారవుతుందని భయపడ్డాం. అత్తయ్యకే ఆ భయం అనుకున్నాను, ఆయనకే అనుకున్నాను. నాకూ అదే. స్విమ్మింగ్ పూలూ, ల్యాబూ అన్నీ తర్వాత వెతుక్కున్నవి."

జరీనా చున్నీ అంచుని వేలికి చుట్టి విప్పింది.

"నాకు తెలుసక్కా. మీరు చెప్పిన దినమే ఓనరన్న దగ్గరికి పోయినా. బిడ్డ చదువు మధ్యలో ఉండాది, ఆర్నెల్లన్నా ఉండనియ్యండి అని బతిమాలినా. నేనెప్పుడు పొమ్మన్నానమ్మా అన్నాడాయన."

అది జరిగాక కూడా జరీనా రెండు రోజులు శ్రీజ వాళ్ళింట్లోనే ఉండి, గాజుగ్లాసులన్నిటికీ ఒక్కొక్కటిగా పాత పేపర్లు చుట్టి పెట్టెల్లో సర్దింది. వెళ్ళే ముందు చైత్ర కోసం డబ్బా నిండా సేమ్యా చేసిచ్చింది.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే మీరు ఇంకో అబద్ధం చెప్పాల్సొచ్చేది."

జరీనా కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే శ్రీజకి కొంచెం తేలికయ్యేది. అప్పుడు మూడో బెంచీలో నీడ కదిలింది. లేచి, సంచీ భుజాన వేసుకుని, పిల్లల కాళ్ళమీదుగా, పలకలమీదుగా నేలంటా జారుతూ వచ్చి, గుమ్మం దాటి చైత్ర చెప్పుల కింద నిలబడింది. చైత్ర ఒక అడుగు వేసి చూసుకుంది. అదీ వేసింది. పిల్ల సంతోషించలేదు. క్లాసులోకి చూసి చెయ్యి ఊపింది. ఫాతిమా పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

సుంకమ్మ వరండాలోనే బల్ల వేయించుకుని టీసీ రాసింది. చివరి హాజరు, ఈ రోజు తేదీ. కారణం అన్నచోట కలం ఆపి, శ్రీజ కేసి ఒకసారి చూసి, తల్లిదండ్రుల ఇష్టం అని రాసింది. సీలు గట్టిగా వేసింది. తర్వాత హాజరుపట్టీ తెరిచి, చైత్ర పేరు మీద స్కేలు పెట్టి ఎర్రగీత కొట్టింది. పంతొమ్మిది అని చివర రాసుకుంది. శ్రీజ ఆ అంకెని తలకిందులుగా చదివింది.

కాయితం సంచీలో పెట్టుకుని, వస్తానని చెప్పి, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఎండ నెత్తిమీదికి ఎక్కుతోంది. నాలుగు అడుగులు వేశాక చైత్ర ఆగిపోయింది.

"అమ్మా, నీది రావట్లేదు."

శ్రీజ కిందికి చూసింది. ఎర్రమట్టి మీద పిల్ల నీడ ఒక్కటే ఉంది, చెయ్యి పైకెత్తి ఎవరినీ పట్టుకోకుండా పట్టుకుని. ఆవిడ వెనక్కి తిరిగింది. గుమ్మంలోంచి మూడో బెంచీ కనిపిస్తోంది. చైత్ర ఖాళీ చేసిన చోట ఆవిడ నీడ మోకాళ్ళు ముడుచుకుని, ఆ చిన్న బెంచీలో పట్టక భుజాలు కుదించుకుని కూర్చుంది. రమ్మని పిలవడానికి నోరు తెరిచింది. ఏమని పిలవాలో తెలియలేదు.

సుంకమ్మ కళ్ళజోడు సర్దుకుని బెంచీ కేసి చూసింది. పట్టీలో కొత్త గీత గీసుకుంది.

"శ్రీజ కదమ్మా. తండ్రి పేరు?"

"వెంకటసుబ్బయ్య."

"పుట్టిన ఊరు?"

"ఒంగోలు."

"మాతృభాష తెలుగు," తనకి తానే అనుకుంటూ రాసుకుంది. వయసు అడిగి ముప్పై నాలుగు వేసింది. దాన్ని కాసేపు చూసి, వయసుకి పైహద్దు ఎవరూ పెట్టలేదులే అంది. తర్వాత, పిల్లలు నిశ్శబ్దంగా ఉండండి అని ఒక కేక వేసి, పేరు పిలిచింది.

మూడో బెంచీలో నీడ చెయ్యెత్తింది.

సుంకమ్మ పంతొమ్మిది కొట్టేసి ఇరవై రాసింది. జరీనా స్టూలు మీద మళ్ళీ కూర్చుని, ఊఁ, చదవమ్మా అంది కూతురితో. ఫాతిమా తన పక్కకి తిరిగి ఆ పెద్ద నీడని చూసింది. గుమ్మం బయట నిలబడ్డ శ్రీజ కేసి మాత్రం చూడలేదు. పుస్తకం, డబ్బా, నీళ్ళ సీసా దగ్గరికి లాక్కుని, బెంచీ చివరిదాకా జరిగి చోటిచ్చింది.