కుడివైపు తిరిగితే ఆగే బండి

ఇళ్ళకు వెళ్ళి పుళ్ళకు కట్లు మార్చే ఆ నర్సుని అందరూ కట్లమ్మ అనే పిలిచేవాళ్ళు. ఆపరేషనై మంచాన పడ్డవాళ్ళూ, షుగరుతో పుండు మానని ముసలివాళ్ళూ ఆమె మోటారుసైకిలు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళు. అలాంటి బండి ఈమధ్య నడిరోడ్డు మీద గుటుక్కుమనడం మొదలెట్టింది.

పాత బండే అయినా ఇంజను గట్టిది. కానీ కుడివైపు ఇండికేటర్ వేసి మలుపు తిరిగేసరికి, ఒక్కోసారి లైటూ హారనూ ఇంజనూ అన్నీ ఒకేసారి చచ్చిపోయేవి. వెనకనించి లారీలు చెవులు చిల్లులు పడేలా మోగిస్తుంటే బండిని పక్కకు తోసేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చేది. మెకానిక్కు చూసి, "ఫ్యూజు పోయిందమ్మా" అని కొత్తది వేసేవాడు. కొన్నాళ్ళకు అదీ పోయేది.

స్కూలు బస్సు నడిపే ఆమె మొగుడికి విసుగొచ్చింది. "మాటిమాటికీ పోయే ఫ్యూజెందుకు? పోనిదే వేస్తా" అని దాని చోట లావుపాటి రాగితీగ బిగించాడు.

మర్నాడు పొద్దున కట్లమ్మ మలుపు తిరుగుతుంటే హెడ్‌లైటు వెనకనించి గుప్పున పొగ లేచింది. కాలిన ప్లాస్టిక్కు కంపు. గబుక్కున తాళం తిప్పి, సీటెత్తి ఆ తీగ లాగిపారేసింది. వేలు చుర్రుమంది. కొద్దిలో తప్పింది గానీ, ఇంకాస్త ఆలస్యమైతే బండి అంటుకునేదే.

ఇంటికి తోసుకొచ్చి, బొబ్బలెక్కిన వేలు మొగుడి మొహం ముందు పెట్టింది.

"చూశారా మీ వైద్యం? జ్వరం ఎక్కువ చూపిస్తోందని థర్మామీటరు విరగ్గొట్టినట్టుంది."

కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తగారు పెడల్ ఆపింది.

"ఒరేయ్, నాకో సంగతి చెప్పు. మన వంటింట్లో మిక్సీ పాడైతే వంటింటి ఫ్యూజే పోతుంది కదా, ఇల్లంతా చీకటి కాదు కదా? మరి దీనికేం రోగం? ఓ పక్క లైటుకి జబ్బు చేస్తే బండంతా చావాలా?"

"పాత బండి కదమ్మా. అన్నిటికీ కలిపి ఒకటే ఫ్యూజు."

"అయితే ఇంకోటి పెట్టు."

"ముందు తప్పెక్కడుందో తెలియాలిగా!"

తను చేసిన పనికి ఆయన మనసు కుదురుగా లేదు. బస్సుల షెడ్డులో కరెంటు పనిచేసే మనిషిని అడిగి, సెలవు రోజున ఒక బల్బూ రెండు తీగలూ పట్టుకొచ్చాడు. "ఫ్యూజు చోట ఈ బల్బు పెట్టమన్నాడు. తీగ ఎక్కడైనా ఇనుముకి తగిలితే ఇది నిండుగా వెలుగుతుందట. కరెంటు దీన్ని దాటి పోటెత్తలేదు కాబట్టి ఏదీ మాడదట."

ముగ్గురూ వాకిట్లో బండి చుట్టూ చేరారు. ఫ్యూజు చోట బల్బు తగిలించి, ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి, కుడి ఇండికేటర్ వేశారు. బల్బు మసగ్గా మిణుకుమంటోంది. కట్లమ్మ హ్యాండిల్ ఎడమకు తిప్పింది. ఏమీ లేదు. మెల్లగా కుడికి తిప్పుకుంటూ వెళ్ళింది. చివరిదాకా వచ్చేసరికి బల్బు భగ్గున వెలిగింది.

"అక్కడే! కదపకు!" అని అరిచాడు మొగుడు.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని హెడ్‌లైటు వెనక తీగల గుత్తిలోకి వేళ్ళు పోనిచ్చింది. ఒక్కో తీగా తడుముతూ వెళ్ళి, హ్యాండిల్ మెడ దగ్గర ఆగింది. "ఇదిగో అమ్మాయ్. తొడుగు అరిగిపోయింది."

కుడికి తిరిగినప్పుడల్లా ఆ తీగ బిగుసుకుని ఇనుముకి రాసుకునేది. లోపలి రాగి బయటపడి నిగనిగలాడుతోంది. మెకానిక్కు దగ్గర బండి ఎప్పుడూ తిన్నగానే నిలబడేది, పాపం అతనికి మాత్రం ఎలా దొరుకుతుంది?

అరిగిన ముక్క, వేడికి మెత్తబడ్డ తీగలూ తీసేసి మొగుడు కొత్తవి అతికాడు. పైన రబ్బరు గొట్టం తొడిగాడు. బిగించి కట్టబోతుంటే తల్లి చెయ్యి పట్టుకుంది.

"కాస్త వదులుంచరా. చంక దగ్గర బిగుతైన చొక్కా చెయ్యెత్తగానే చిరుగుతుంది."

"అలాగే. అయిపోయినట్టేనా?"

"ఎక్కడ అయిపోయింది? అత్తయ్య అడిగిన వంటింటి ఫ్యూజేదీ?" అంది కట్లమ్మ.

ఆయన నవ్వుతూ బజారుకి పరిగెత్తాడు. ఇండికేటర్ల దారికి విడిగా ఒక చిన్న ఫ్యూజు పెట్టాడు, ఆ సన్న తీగ తట్టుకునేంతదే, అంతకు మించి లేదు. తీగ ఈసారి ఎక్కడ తగిలినా పోయేది ఆ చిన్నదే.

వానల్లో పోనే పోయింది. ఎవరి బండో గుద్దితే వెనక ఇండికేటర్ పగిలి, లోపలికి నీళ్ళు దిగాయి. మలుపు దగ్గర కట్లమ్మ స్విచ్ నొక్కితే టిక్కు టిక్కు లేదు. కానీ ఇంజను మాత్రం తన పాటికి తను నడుస్తోంది, లైటు వెలుగుతోంది. వెనక చూసుకుని, చెయ్యి చాపి, నింపాదిగా మలుపు తిరిగింది.

కాలిపుండుతో మంచం దిగని పెద్దాయన, తడిసి వచ్చిన ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు. "ఈ వానలో రావనుకున్నానమ్మా."

"బండి రానిచ్చింది బాబాయ్" అని, చేతులు కడుక్కుని కట్టు విప్పింది. అంచుల్లో లేతగా కొత్త చర్మం కనిపించింది. "మానుతోంది! వచ్చే వారం గుమ్మం దాకా నడుద్దాం."

"గుమ్మం దాకా ఏమిటి, నీ బండెక్కి ఊరంతా తిరుగుతా."

"సరే, ఎక్కుదురు గానీ. ముందు కాలు కదపకండి" అని నవ్వుతూ కొత్త కట్టు కట్టసాగింది.