నా నంబరు కాదు

పలాస దాటి ఉద్దానం వైపు పోయే దారిలో ఆ ఊరుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు పేర్లున్నాయి, ఓట్లున్నాయి, వేలిముద్రలు మాత్రం లేవు. జీడిపిక్కలు కొట్టి కొట్టి పోగొట్టుకున్నారు. పిక్క పగిలినప్పుడు చిమ్మే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చున్నా అది ఊరుకోదు. కొత్త కోడలి చేతులు ఏడాది తిరక్కుండా నల్లబడతాయి, ఆ పైన వేళ్ళ మీద గీతలు చెరిగిపోతాయి. పెళ్ళి పాయసంలో తెల్లగా తేలే జీడిపప్పు వెనక ఉన్న సంగతి ఇదీ.

సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఈ గొడవ లేదు. ఒక ఫోటో ఇచ్చి, నిశానీ వేస్తే సిమ్ము చేతిలో పెట్టేవారు. తర్వాత సర్కారుకు అనుమానం పుట్టింది. ఏ ఫోను ఎవరిదో తేలాలి, ప్రతివాడూ వేలు పెట్టి నమోదు చేసుకోవాలి అంది. దొంగలను పట్టడానికట. దొంగల వేళ్ళకు గీతలు నిక్షేపంలా ఉంటాయి, వాళ్ళు పిక్కలు కొట్టరు కదా. చిక్కుల్లో పడింది ఈ ఆడవాళ్ళు. జంక్షన్లో గొడుగు వేసుకుని కూర్చున్న సిమ్ముల అతని దగ్గర వరసగా నిలబడి వేలు పెడితే ప్రతిసారీ ఎర్రలైటే వెలిగింది.

అప్పుడు యమున వేలు పనికొచ్చింది. యమునది శృంగవరపుకోట. మొగుడు త్రినాథ్ ఆటో తోలతాడు. కుట్టుమిషను తెచ్చుకుంది కాబట్టి ఆమె పిక్కల షెడ్డు గడప తొక్కలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వీధివాళ్ళు మొదట్లో దెప్పేవారు. ఆ రోజు ఆమె వేలికి పచ్చలైటు వెలిగేసరికి అందరికీ ఆమె బంగారుతల్లి అయిపోయింది. వీధిలో సగం ఫోన్లు యమున వేలి మీదే పుట్టాయి. అడిగినవాళ్ళకు అడిగినట్టు వేలు పెట్టింది. వేలే కదా, అరిగిపోతుందా అనుకుంది పిచ్చిది.

ఆ ఫోన్లలో పక్కింటి బుల్లమ్మది ఒకటి. బుల్లమ్మకు మొగుడు లేడు, ఉన్న ఒక్క కూతురు ఉష. అల్లుడు మేస్త్రీల వెంట ఊరూరా భవనాల పనికి పోతాడు, పెళ్ళాన్ని కూడా తిప్పుతాడు. ఒకప్పుడు విజయవాడ అన్నారు, తర్వాత హైదరాబాదన్నారు, ఇప్పుడెక్కడో ఎవరికీ తెలియదు. అతని నంబరు పంచాంగంలో తిథిలా మారిపోతుంటుంది. చెయ్యి చేసుకునే రకం. పెళ్ళాన్ని ఫోను ముట్టుకోనివ్వడు. అతను పనిలో ఉన్నప్పుడు ఉష ఏ వాచ్‌మన్ భార్య ఫోనో అడిగి తీసుకుని తల్లితో మాట్లాడేది. ఆ పిల్లకు ప్రపంచంలో కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే.

కిందటిసారి ఫోను వచ్చినప్పుడు యమున అక్కడే ఉంది. ఉష కడుపుతో ఉంది. "ఏడో నెలొచ్చాక ఎక్కడున్నానో నానే ఫోన్ సేసి సెప్తాను. వచ్చి తీసుకెల్లమ్మా. ఈ మడిసి కాడ పురుడైతే నాను బతకను" అంది. బుల్లమ్మ ఆ రోజు నుంచీ ఫోను కొంగున కట్టుకునే తిరుగుతోంది. ఏడో నెల దగ్గర పడుతోంది.

అలాంటి సమయంలో యమున ఫోనుకు మెసేజి వచ్చింది. ఆమె పేరు మీద ఉండవలసిన దానికంటే ఎక్కువ నంబర్లున్నాయట. తనవేవో, కానివేవో తేల్చి చెప్పకపోతే అన్నీ కట్ చేస్తారట. తెరిచి చూస్తే ఒక్కో నంబరు పక్కన మూడు మాటలున్నాయి: కావాలి, అవసరం లేదు, నా నంబరు కాదు. త్రినాథ్ అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాడు. మన రెండూ ఉంచి మిగతావి పీకెయ్యమన్నాడు. యమున ఒప్పుకోలేదు. ఎవరివి వారి పేరున మార్పించేదాకా ఆగమని బతిమాలింది.

వీధివాళ్ళు గొణుక్కుంటూనే ఒక్కొక్కరూ మార్పించుకున్నారు. ఒకామె కొడుకు పేరున, ఒకామె మొగుడి పేరున. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ముందే చెప్పొద్దా అని యమున మీదే విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. బుల్లమ్మకు మాత్రం ఇంట్లో పెట్టడానికి ఇంకో వేలు లేదు, ఆ ఒక్క నంబరైనా యమున పేరున ఉండనివ్వనంటాడు త్రినాథ్. పలాసలో సెల్‌షాపు కళ్యాణ్ మంచివాడే, కోమట్ల కుర్రాడు, ఓపికగా పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టించాడు. ఒక్కటీ తీసుకోలేదు. కొన్నాళ్ళు పిక్కలు కొట్టడం మానేస్తే గీతలు మళ్ళీ వస్తాయి, అప్పుడు రమ్మన్నాడు.

బుల్లమ్మ మానేసింది. స్థలం వేరేవాళ్ళకిచ్చేస్తానని షెడ్డు యజమాని బెదిరించినా మానేసింది. చేతులు గంజిలో నానబెట్టుకునేది, కొబ్బరినూనె రాసుకుని అరుగు మీద కూర్చునేది. బుల్లమ్మకి మళ్ళీ పెళ్ళి సేస్తారేటి అని దారినపోయేవాళ్ళు వేళాకోళమాడేవారు. పొద్దున్నే యమున దగ్గరకొచ్చి వెలుతురులో వేళ్ళు చాపేది. చంటిపిల్లకు పళ్ళొస్తున్నాయా అని చూసినట్టు యమున ఒక్కో వేలూ తిప్పి చూసేది. నల్లటి పొర ఊడి, కింద లేత చర్మం మీద సన్నగా గీతలు కనబడిన రోజు ఇద్దరూ నవ్వుకున్నారు. యమునకు ఏడుపు కూడా వచ్చింది. కుండలో బియ్యం అడుగంటాయని బుల్లమ్మ చెప్పలేదు. యమునకు తెలుసు, పొద్దుటి అన్నంలో కొంత అటు పంపేది.

పలాస వెళ్ళడానికి రెండు రోజుల ముందు పక్క ఊరి చినబాబును పోలీసులు తీసుకుపోయారు. అతని పేరున ఎవరో తీసుకున్న సిమ్ముతో, ఎక్కడో ఎవరి బ్యాంకు డబ్బో కాజేశారట. చినబాబుకు ఆ బ్యాంకు ఏ దిక్కున ఉందో తెలియదు. ఆటోస్టాండంతా ఆ కబురే. ఆ సాయంత్రం రీచార్జి చేయిస్తానని త్రినాథ్ పెళ్ళాం ఫోను పట్టుకెళ్ళాడు, తెచ్చిచ్చాడు. యమున అనుమానపడలేదు.

కళ్యాణ్ షాపులో బుల్లమ్మ వేలు పెట్టింది. పచ్చలైటు వెలిగింది. బుల్లమ్మ ఆ వేలిని కళ్ళకద్దుకుంది. కళ్యాణ్ కంప్యూటరులో నంబరు కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టాడు. తర్వాత యమున వైపు చూశాడు.

"మీరే కదమ్మా ఇది నా నంబరు కాదని పెట్టారు? నిన్న మూసేశారు."

నేను పెట్టలేదని యమున అంది. మీ ఫోను నుంచే వెళ్ళిందని అతను మర్యాదగానే చెప్పాడు. తిరిగి తెప్పించే దారి లేదా అని అడిగితే, పేరున్నవాళ్ళే నాది కాదన్న నంబరును దొంగ నంబరు కింద జమకడతారు, దాన్ని ఎవరి పేరునా మార్చరు అన్నాడు. కావలిస్తే ఇప్పుడు వేలు పడుతోంది కాబట్టి కొత్త నంబరు క్షణంలో ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. బుల్లమ్మ కొంగున ఉన్న ఫోను నిన్నటి నుంచీ చచ్చి ఉందని అప్పుడు తెలిసింది. కూతురు పిలవనిదే ఆమె దాన్ని తీసి చూడదు.

ఇంటికొచ్చి యమున మొగుణ్ణి నిలదీసింది. "ఏటి సేసినావు మావా? ఆ పిల్లకి ఇంకెవులున్నారు?"

త్రినాథ్ తల వంచుకుని బీడీ వెలిగించాడు. "నన్ను కూడా చినబాబులాగ ఎత్తుకుపోతే నీకెవులున్నారు? అయినా నాను అబద్దం రాయనేదు. అది నీ నంబరు కాదు గదా" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ లెక్కల్లోకి ఎక్కిన నిజం అదొక్కటే, ఆ ఒక్క నిజమే కొంప ముంచింది. యమున మొగుణ్ణి అసహ్యించుకుంది, అతని భయం చూసి జాలిపడింది, ఆ రెండింటితో ఏం చెయ్యాలో తెలియక పొయ్యి వెలిగించలేదు.

తెలిసిన మేస్త్రీలందరినీ అడిగారు. అల్లుడి పాత నంబర్లన్నీ నొక్కి చూశారు. దేనికీ జవాబు లేదు. ఏడో నెల వచ్చింది.

ఒక మధ్యాహ్నం బుల్లమ్మ కొత్త ఫోను పట్టుకుని యమున మిషను పక్కన కూర్చుంది. నా పాత నంబరుకి ఓపాలి కొట్టు, ఏటంటాదో ఇంటాను అంది. యమున వద్దంది. బుల్లమ్మ కదల్లేదు. యమున నొక్కి, స్పీకరు పెట్టింది. మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదని ఒక ఆడగొంతు తియ్యగా చెప్పింది. తర్వాత అదే మాట ఇంకో రెండు భాషల్లో చెప్పింది. బుల్లమ్మ చివరిదాకా విన్నది.

"ఉషకీ ఇదే సెప్తాదా?"

యమున అవునన్నట్టు తలూపింది.

"అయితే మాయమ్మ సచ్చిపోనాదనుకుంటాది. ఇంకెప్పుడూ సెయ్యదు" అంది బుల్లమ్మ. కొత్త ఫోను మిషను బల్ల మీద పెట్టింది. "ఇది నీ కాడే ఉంచే. నాకెవులు సేస్తారు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి షెడ్డు యజమానిని బతిమాలుకుంది. తలుపు పక్కన, పొగ కొట్టే చోట కొంచెం జాగా ఇచ్చాడు. పక్కనున్న ఆమె ఆముదం గిన్నె ఇటు జరిపింది. బుల్లమ్మ దాన్ని వెనక్కి తోసేసి, ఉత్త చేతులతోనే పిక్కలు కొట్టడం మొదలుపెట్టింది.